తెలుగు అచ్చక్షరములు: రూపము, సంకేతము

బాన్సువాడ మంజీరా నదీప్రాంతమున నున్న పట్టణము. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, పిమ్మట కొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. అచ్చటినుండి మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు దూరము కావు. ఇట్టి పట్టణపు అంగడివీధిలో నిలిచి పైకి చూచువారికి తెలుగు, ఉర్దూ, ఆంగ్ల లిపులు ప్రక్కప్రక్కనే కానవచ్చును. ఆ ఫలకములను చదువువారు మాటను గూర్చి ఆలోచింతురే గాని అక్షరమును గూర్చి ఆలోచింపరు. అది సహజమే. కాని ఆ తెలుగక్షరమునకు ఆ రూపము ఎచ్చటినుండి వచ్చెను? దాని నెవ్వ రెన్నుకొనిరి? ఆ ఎన్నికవలన చదువరికి కలిగిన మేలేమి, కీడేమి? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విచారణకు ముందు మా అభిప్రాయమును క్లుప్తముగా చెప్పెదము. అక్షరమునకు రూపము నేర్పరచుట యొకటి. ఆ అక్షరము ఫలానిదని గుర్తించు సంకేతమును స్థిరపరచుట వేరొకటి. తెలుగు ముద్రణ చరిత్రలో చాలకాలము ఈ రెండును కలిసియే యుండెను. అవి వేరని గ్రహించుటకు సుమారు రెండున్నర శతాబ్దములు పట్టినది. గ్రహించిన పిదపను మనము పూర్తిగా ఆచరణలో పెట్టలేదు. దానివలన కలుగు నష్టము పరిశోధకులకే మొదట తగులును.

అచ్చునకు పూర్వపు స్థితిని కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. కరీంనగరమునకు సమీపమున నున్న కురిక్యాల శాసనము పదవ శతాబ్దమునాటిది. పంపకవి సోదరుడైన జినవల్లభుడు దానిని వేయించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు కందపద్యములకు ప్రాచీనోదాహరణములుగా అందలి పద్యములను పండితులు పేర్కొందురు. ఆ కాలమున తెలుగునకును కన్నడమునకును లిపి యొక్కటియే. ఉత్తరకాలమున రెండును క్రమక్రమముగా వేరుపడినవి. ఆ భేదమును మార్పులేనిదిగా చేసినది మాత్రము అచ్చు. లేఖకుని చేతిలో అక్షరము తరమునకు తరమునకు కొంత జరుగుచుండును. సీసముతో పోతపోసిన అక్షరము జరుగదు.

తెలుగక్షరములతో తొలుత గ్రంథములు ముద్రితమైనది తెలుగునాట గాదు. మదరాసులో క్రైస్తవమత ప్రచారము చేసి, 1743లో స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. తెలుగు మాతృభాషగా గలవారు లేనిచోట తెలుగక్షరములు పోతపోయబడుట విచిత్రముగా తోచును. కాని దానియందు ఒక పాఠ మున్నది. అక్షరమును చెక్కువాడు దానిని చదువువాడు కానక్కరలేదను సంప్రదాయము ఆనాడే మొదలైనది. అది నేటివరకును పూర్తిగా అంతరింపలేదు.

తరువాతి ఘట్టము వంగదేశములోని శ్రీరామపురమున జరిగెను. 1812 మార్చిలో అచ్చటి ముద్రణాలయము అగ్నికి ఆహుతియై పెక్కు భారతీయ భాషల అక్షరములు కరిగిపోయినవి. కరిగిన లోహమునే మరల పోతపోసి పని సాగించిరి. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడినది. 1816లో కాంబెల్ వ్యాకరణము మదరాసున ముద్రితమైనది. అప్పటినుండి తెలుగు ముద్రణకు మదరాసే ప్రధానస్థానమయ్యెను. సి. పి. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడిన నాటికి తెలుగు అచ్చు ఒక స్థిరరూపమును పొందినదని చెప్పవచ్చును. 1854లో మదరాసున ఆరంభమైన వావిళ్ళవారి ముద్రణాలయము ప్రాచీనకావ్యములను ఇంటింటికి చేర్చి, ఆ రూపమును చదువరుల కన్నులకు అలవాటు చేసెను.

సీసపు అక్షరముల కష్టమెట్టిదో నేటి విద్యార్థులకు కొంత వివరింపవలసియున్నది. ఆంగ్లమునకు చిన్నవి, పెద్దవి కలిపి ఏబదిరెండు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు చాలును. తెలుగున గుణింతము వలనను, సంయుక్తాక్షరముల వలనను కంపోజిటరు ముందున్న కేసులలోని గళ్ళు కొన్ని వందలు కావలసివచ్చును. అంతేకాక తెలుగు పంక్తి మూడంతస్తుల మేడవంటిది. నడుమ మూలాక్షరము, పైన గుడియో ఏత్వమో, క్రింద వత్తు. ఈ మూడును ఒకే కొలతగల లోహపు దిమ్మలో ఇమడవలెను. ఇముడ్చుటకు మూలాక్షరమును కుదింపవలెను, లేదా పంక్తుల నడుమ ఎడము పెంచవలెను. మొదటి పద్ధతి కన్నునకు శ్రమ, రెండవది కాగితమునకు ఖర్చు. అచ్చుశాలలు ఈ రెంటి నడుమ బేరమాడుచు వచ్చినవి. తెలుగు పుస్తకములలో నూటయేబది యేండ్లపాటు మనము చూచిన అక్షరరూపము సౌందర్యదృష్టితో మాత్రమే ఏర్పడినది కాదు. ఆ బేరముయొక్క ఫలితమును అందు కలిసియున్నది.

నిజాము రాజ్యమున ఈ కష్టమునకు మరియొక కష్టము తోడయ్యెను. అచ్చట రాజభాష ఉర్దూ. తెలుగు అచ్చుశాలలు స్వల్పము. అట్టి పరిస్థితిలో 1922లో ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున గోలకొండ పత్రిక ఆరంభమయ్యెను. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను లోకమునకు చూపెను. తెలంగాణమున కవులు లేరను మాటకు ఆ సంచిక ప్రత్యుత్తరమైనది. ఆ ప్రత్యుత్తరము నోటిమాటగా నిలువలేదు, సీసపుటక్షరముగా నిలిచినది. అక్షరములపెట్టె కలిగియుండుట ఒక ప్రాంతమునకు ఎంత అవసరమో దీనివలన తెలియును.

ఇచ్చట ఉర్దూతో ఒక పోలిక ఉపయోగకరము. ఉర్దూవారు మక్కువతో వాడు నస్తాలీకు వ్రాత వాలుగా దిగుచు పోవును. అది లోహపు దిమ్మలకు సులభముగా లొంగలేదు. ఉర్దూ చదువరులు తమ అక్షరరూపమును వదలుకొనుటకు ఇష్టపడక, కాతిబుచే వ్రాయించి శిలాముద్రణముచేసి పత్రికలను, పుస్తకములను నడుపుకొనిరి. 1981లో నూరీ నస్తాలీకు అను కంప్యూటరు అక్షరమాల వచ్చి, లాహోరున జంగ్ పత్రిక దానిని స్వీకరించువరకు ఈ స్థితి ప్రధానముగా సాగినది. వారు రూపమును నిలుపుకొని యంత్రమును వేచియుండజేసిరి. మనము యంత్రమును స్వీకరించి రూపమును సర్దుకొంటిమి. ఏది మేలని తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. మనకు చౌకగా పుస్తకములు వచ్చినవి, వారికి వ్రాతసంప్రదాయము మిగిలినది. బాన్సువాడ ఫలకములపై ప్రక్కప్రక్కన నున్న రెండు లిపులు ఈ రెండు మార్గములకును సాక్ష్యములు.

ఇక కంప్యూటరు కాలము. ఇరువదవ శతాబ్ది చివరి రెండు దశకములలో సీసము తొలగి డీటీపీ వచ్చినది. అప్పటి ఫాంటులలో 256 స్థానములు మాత్రమే యుండెను. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు తలకట్టులను, కొమ్ములను, వత్తులను ముక్కలుగా నింపి అక్షరములను కూర్చిరి. అను, శ్రీలిపి మొదలగు సాధనములు అచ్చుపనివారి కెంతో సౌకర్యము కలిగించినవి. పెండ్లిపత్రికలు, కరపత్రములు, సంచికలు చిన్న పట్టణములలోనే సులభముగా తయారు కాజొచ్చినవి. ఈ మేలును మరువరాదు. కాని ఒక్కొక్క సంస్థ ముక్కల నమరించిన క్రమము ఒక్కొక్క విధముగా నుండెను. కావున ఒక ఫాంటుతో వ్రాసిన పాఠమును ఆ ఫాంటు లేనిచోట తెరచిన, అర్థములేని ఆంగ్లాక్షరములు కనబడును. కాగితముపై తెలుగే, యంత్రములోపల తెలుగు కాదు. రూపమే సంకేతమైనందువలన వచ్చిన చిక్కిది.

భారతీయ భాషలన్నిటికిని ఒకే సంకేతక్రమమును ఏర్పరుప ప్రభుత్వపక్షమున ఇస్కీ అను ప్రమాణము 1988లో రూపొంది 1991లో సవరింపబడినది. ఆ 1991లోనే యూనికోడు తొలి సంచిక వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. ఇందలి మౌలికభేదమును గమనింపవలెను. యూనికోడున కకారమునకు ఒక స్థిరసంఖ్య కలదు. ఆ కకారము గుండ్రముగా కనబడునో, కోలగా కనబడునో, సన్నముగానో, లావుగానో నిర్ణయించునది ఫాంటు. ఫాంటును మార్చిన రూపము మారును, పాఠము మారదు. తెలుగక్షరము రూపబంధమునుండి విముక్తి చెందినది ఇచ్చటనే.

ఈ గడి ఒక్కమారుగా నిండలేదు. బ్రౌను నిఘంటువు ప్రత్యేకముగా గుర్తించిన దంత్య చ, జ లకు స్థానము 2008లో లభించినది. చోఴ శబ్దమున ప్రాచీన శాసనములందు కనబడు ఴకారము 2014లో చేరినది. పాత వ్రాతలలోని నకారపు పొల్లు 2021లో చేరినది. వ్యాపారమునకు ఈ అక్షరముల అవసరము స్వల్పము. శాసనపాఠములను, తాళపత్రపాఠములను ఉన్నవి ఉన్నట్లు ఎత్తివ్రాయు పరిశోధకునకు ఇవి లేనిచో గడువదు.

రూపవైవిధ్యమును ఈ కాలముననే పెరిగినది. 2001లో విండోసు ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఫాంటులను రచించి ఉచితముగా పంచిరి. అటుపిమ్మట సిలికానాంధ్ర సంస్థ ద్వారా మండలి, సూరన్న, గిడుగు, సురవరము మొదలగు పేర్లతో స్వేచ్ఛాలైసెన్సుగల ఫాంటులు లోకమునకు అందినవి. గోలకొండ పత్రికను నడిపినవాని యింటిపేరు ఒక అక్షరమాలకు పేరగుట ఔచిత్యవంతముగా నున్నది. 2015లో ఆరంభమైన మూర్తి గ్రంథమాల తొలివిడతలో అల్లసాని పెద్దన మనుచరిత్రము తెలుగు మూలముతో సహా వెలువడినది.

ఐనను యంత్రమునకు తెలుగు ఇంకను పూర్తిగా వశము కాలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను అక్షరమునందు కంటికి కనబడని యొక సంకేతము నడుమ చేరి వచ్చినపుడు ఐఫోనులలోని కొన్ని అనువర్తనములు స్తంభించిపోయినవి. కొలది దినములలోనే యాపిల్ సంస్థ సవరణ వెలువరించినది. మూడంతస్తుల మేడను కట్టుట సీసమునకెంత కష్టమో తెరకును అంతే కష్టమని దీనివలన తేలుచున్నది.

ఇన్ని ఫాంటులుండగా దేనిని ఎన్నుకొనవలెను? మాకు తోచిన కొలబద్దలు మూడు. మొదటిది భేదస్ఫుటత. ద, ధ, ప, ఫ, డ, ఢ, ఈ జంటలలో భేదము అడుగునగల చిన్న గీటు మాత్రమే. అక్షరమును లావుచేసి పరిమాణము తగ్గించిన ఆ గీటు పూడిపోయి ధనము దనమగును. వకారమునకు కొమ్మును ప్రక్కనుంచిన మకారమని భ్రమ కలుగునని గదా మన పూర్వులు దానిని అడుగునుండి తెచ్చిరి! వారి జాగ్రత్త నేటి రూపశిల్పికిని ఉండవలెను. రెండవది పంక్తుల ఎడము. ఆంగ్లమునకు చాలిన యెడము తెలుగునకు చాలదు. పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకరాదు. తెరపై అక్షరపరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండ ఎడముంచుట మేలు. మూడవది సందర్భము. శీర్షికకు శోభించు అలంకారపుటక్షరము పుట నిండ చదువుటకు పనికిరాదు. ఆంగ్లమునందువలె అక్షరములను వాల్చుట తెలుగునకు సంప్రదాయము కాదు. ప్రాధాన్యమును చూపవలసినచోట పరిమాణముచేతనో, కొంచెము లావుచేతనో చూపవచ్చును.

ఈ మూడింటికంటెను ముఖ్యమైనది సంకేతము. ఒక ఉదాహరణమును ఊహింతము. బాన్సువాడ ప్రాంతపు ఉపాధ్యాయుడొకడు ముప్పది యేండ్ల క్రిందట వృద్ధులనడిగి ఒక గ్రామచరిత్రను సంతరించి డీటీపీలో కూర్పించెననుకొందము. అచ్చుప్రతులు నూరో, రెండునూరులో చెదరిపోయినవి. కంప్యూటరు ప్రతి మిగిలినది. దానిని తెరచిన పరిశోధకునకు ఊరిపేరు వెదకినను దొరకదు. ఏలయన అందు ఊరిపేరు తెలుగుగా లేదు. ఏ ఫాంటుతో కూర్చిరో తెలిసినచో మార్పిడి సాధనములచే దానిని యూనికోడులోనికి తేవచ్చును. తెలియనిచో ఆ చరిత్ర శిథిలశాసనమువంటిది. శాసనమైనను రాతిపై తన రూపమునైన నిలుపుకొనును. ఇది అదియును చేయదు.

కావున విశ్వవిద్యాలయములయందు సిద్ధాంతగ్రంథములు సమర్పించు విద్యార్థులు ముద్రితప్రతితోపాటు యూనికోడు ప్రతిని భద్రపరచుట విధిగా భావింపవలెను. పాత ఫాంటులలోనున్న సంచికలను, స్థలపురాణములను, గ్రామచరిత్రలను వాటిని కూర్చినవారు ఉండగానే, ఏ ఫాంటు వాడిరో వారినడిగి వ్రాసికొని, మార్పిడి చేయించవలెను. ఇది గొప్ప పాండిత్యము కోరు పని కాదు, ఓపిక కోరు పని. ఇరువదేండ్లు జాగుచేసిన అడుగుటకు మనుష్యు లుండరు.

హాలెలో తెలుగక్షరమును పోతపోసినవారికి తెలుగు పరభాష. వారు రూపమును మాత్రమే చూచిరి. తెలుగు తెలిసిన మనము రూపముతోపాటు పాఠమును గూడ కాపాడగలము. బాన్సువాడ అంగడిలో రేపొక కొత్త ఫలకము కొత్త రూపమున వెలయవచ్చును. అది మంచిదే. రూపము మారినను అక్షరము తానుగా మిగిలినచో చాలును.