విధుల్లో మత్తు అనుమానం: నర్సులపై చర్య (అండమాన్ నికోబార్ దీవులు)

మద్యం లేదా మత్తుమందు ప్రభావంలో డ్యూటీ చేస్తున్నట్టు అనుమానం వచ్చిన నర్సుపై చర్య రెండు దారుల్లో సాగుతుంది: ఉద్యోగం మీద ఒకటి, రిజిస్ట్రేషన్ మీద మరొకటి. జనం తరచూ రెంటినీ కలిపేస్తారు గానీ, ఉద్యోగం పోతే రిజిస్ట్రేషన్ దానంతటదే రద్దు కాదు.

దీవులు కేంద్రపాలిత ప్రాంతం. అందుచేత శ్రీవిజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) లోని జి.బి. పంత్ ఆసుపత్రి వంటి చోట్ల ప్రభుత్వ నర్సులకు కేంద్ర ఉద్యోగుల నియమావళులే వర్తిస్తాయి. 1964 ప్రవర్తనా నియమావళిలోని 22వ నియమం డ్యూటీలో మత్తును నిషేధిస్తుంది. 1965 క్రమశిక్షణా నియమావళిలోని 10వ నియమం కింద సస్పెండ్ చేయవచ్చు. తొలగించాలంటే మాత్రం సాధారణంగా 14వ నియమం ప్రకారం అభియోగపత్రం ఇచ్చి, విచారణ జరపాలి.

రిజిస్ట్రేషన్ సంగతి వేరు. 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో తెచ్చిన చట్టం, వృత్తి దుష్ప్రవర్తన ఫిర్యాదులను రాష్ట్రస్థాయి కమిషన్లకు అప్పగించింది.

అసలు చిక్కు రుజువు దగ్గరే. నోటి వాసన, తడబడే నడక చాలవనీ, రక్త లేదా మూత్ర పరీక్ష లేనిదే మద్యం తాగినట్టు తేల్చలేమనీ సుప్రీంకోర్టు 1971లో ఒక డ్రైవరు కేసులో చెప్పింది. రక్తంలో చక్కెర పడిపోయినా మాట ముద్దవుతుంది. వరుస నైట్ డ్యూటీలు చేసినవాళ్ల కళ్లూ ఎర్రగానే ఉంటాయి. మార్ఫిన్ వంటి ఇంజెక్షన్లు మాయమయ్యాయన్న అనుమానమైతే వార్డు రిజిస్టరే కీలక సాక్ష్యం.

వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే, మత్తుమందు సేవించిన నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి 1985 మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. శాఖాపరమైన విచారణకు ఆ రక్షణ వర్తించదు.