ఇల్లు మీదే, కింద నేల ఎవరిదండి?

ఇల్లు కొనేటప్పుడు మనోళ్ళు గోడలు తట్టి చూత్తారు, వాస్తు చూత్తారు, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అని గుక్కెడు నోట్లో పోసుకుని మరీ చూత్తారు. నేల ఎవరి పేరున ఉందో మాత్రం చూడరు. బయానా చేతులు మారాక, రిజిస్ట్రారాఫీసులో "ఇది 22ఏలో ఉందండి" అన్నాక అప్పుడు మొదలవుద్ది కంగారు. ఏ ఫీజు ఎందుకు కడతామో, కాయితం ఎక్కడ ఆగుద్దో, ఆగితే ఏం చెయ్యాలో ఒకచోట రాసిపెడితే పదిమందికీ పనికొత్తాదని ఇది రాత్తన్నాను.

ఇంటి కింద నాలుగు రకాల నేల

ఆత్రేయపురమే తీసుకోండి, బొబ్బర్లంక తీసుకోండి, ర్యాలి తీసుకోండి. కోనసీమలో ఏ ఊళ్ళోనైనా ఇళ్ళ కింద నేల సుమారుగా నాలుగు రకాలు. ఒకటి జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. రెండోది గ్రామకంఠం, తాతల నాటి నుంచి ఇళ్ళున్న ఊరి నడిబొడ్డు. మూడోది ప్రభుత్వం పేదోళ్ళకిచ్చిన పట్టా, మనం డి-పట్టా అంటాం. నాలుగోది దేవుడి భూమి. స్థలం స్వామివారిది, కట్టుకున్న ఇల్లు మంది, ఏటా అద్దో శిస్తో కడతాం.

మొదటి రకంలో డబ్బులు ఖర్చవుతాయి గానీ పని అవుద్ది. రెండోదాంట్లో పాత దస్తావేజులు, స్వాధీనం రుజువులు కావాలి. మూడు, నాలుగు రకాల్లోనే అసలు చిక్కు. బయటికి నాలుగూ ఒకేలా కనపడతాయి. అదే డాబా, అదే కరెంటు మీటరు, అదే పంచాయతీ ఇంటి పన్ను రసీదు. ఒక్క మాట గుర్తెట్టుకోండి: ఇంటి పన్ను రసీదు హక్కు కాయితం కాదు. పన్ను కట్టినంత మాత్రాన నేల మీద హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మీటరు మీ పేరు మీదికి మారినా అంతే.

సక్రమంగా కొంటే ఎంతవుద్ది

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర. 20 లక్షల ఇల్లయితే లక్ష, 30 వేలు, 20 వేలు, వెరసి లక్షన్నర. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద లెక్క. ఇందులో బదిలీ సుంకం ఊరికి, అంటే స్థానిక సంస్థకి చెందాల్సిన డబ్బు.

ఇదంతా చలానా మీద కట్టేది, రసీదు వచ్చేది. దీని పైన దస్తావేజు రాసినందుకు, "లోపల చూసుకోడానికి", మధ్యలో మనిషికి అంటూ అడిగే డబ్బులకి రసీదు ఉండదు. రసీదు లేనిది ఫీజు కాదండి. దాని పేరేంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తెల్ల కాయితం ఎందుకు పుట్టింది

లక్షన్నర కట్టలేక కొందరు, కట్టడానికి సిద్ధంగా ఉన్నా నేల రకం వల్ల రిజిస్ట్రేషన్ కాక ఇంకొందరు, వంద రూపాయల స్టాంపు కాయితం మీద రాయించుకుంటారు. నోటరీ చేయించి, పెద్దమనుషులతో సాక్షి సంతకాలు పెట్టించి "అయిపోయింది" అనుకుంటారు. కాలేదండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. జీపీఏ రాయించుకుని కొన్నట్టే అనుకుంటే అదీ చెల్లదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఏడాది దాటిన కౌలు ఒప్పందం కూడా రిజిస్టరు కావాలి. అందుకే అద్దె కాయితాలన్నీ 11 నెలలకే రాత్తారు.

తెల్ల కాయితం మీద కొన్నోడికి బ్యాంకు అప్పివ్వదు. అందుకని వడ్డీకి తెత్తాడు. అమ్మినోడికీ సగం ధరే వచ్చుద్ది, ఎందుకంటే కాయితం లేని ఇల్లని కొనేవాడు తగ్గించి అడుగుతాడు. ఇద్దరూ పేదోళ్ళే, ఇద్దరూ నట్టపోయారు. బాగుపడింది మధ్యలోవాడు.

22ఏ అంటే

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అందులో 22ఏ సెక్షను మన రాష్ట్రంలో 2007లో పెట్టారు. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, ఏదైనా చట్టం బదిలీ చెయ్యకూడదన్న భూములు, వీటి దస్తావేజులు రిజిస్టరు చెయ్యకూడదని దీని సారం. ఉద్దేశం మంచిదే. దేవుడి భూమి, పేదోడి భూమి కబ్జా కాకుండా కాపు కాయడానికి పెట్టిన కంచె అది.

కంచె సరైన గట్టు మీద వెయ్యకపోవడం దగ్గర వచ్చింది తంటా. ఒక సర్వే నంబర్లో 20 సెంట్లు ప్రభుత్వానిదైతే నంబరు మొత్తం జాబితాలో పడేత్తారు. మిగతా జిరాయితీ రైతులు, ఇళ్ళోళ్ళు అందులో ఇరుక్కుంటారు. కూతురి పెళ్ళికి అమ్ముదామని వెళ్ళినప్పుడే వాళ్ళకి ఆ సంగతి తెలుత్తాది. ఈ జాబితాల మీద ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015 డిసెంబరులో వింజమూరి రాజగోపాలాచారి కేసులో తీర్పిచ్చింది. జాబితాలు వెబ్‌సైటులో అందరికీ కనపడాలని, ఇరుక్కున్నోళ్ళకి అభ్యంతరం చెప్పుకునే దారుండాలని అందులో ఉంది. తీర్పొచ్చి ఇన్నేళ్ళయినా మండలాఫీసు మెట్లెక్కేవాళ్ళు తగ్గలేదు.

పట్టా ఇల్లు కొనొచ్చా

పేదోళ్ళకిచ్చిన భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం (9/1977) వచ్చింది. అమ్మకం, దానం, తనఖా, కౌలు, అన్నీ చెల్లవంది. కొన్నోడి దగ్గర్నుంచి స్వాధీనం చేసుకునే అధికారం రెవెన్యూ వాళ్ళకిచ్చింది. కొన్నోడిచ్చిన డబ్బు సంగతి చట్టానికి అక్కర్లేదు.

తర్వాత సవరణలొచ్చాయి. ఇళ్ళ స్థలాలకి 2019లో 20 ఏళ్ళ గడువు పెట్టారు, ఆ తర్వాత దాన్ని 10 ఏళ్ళు చేశారు. 2023లో సాగు భూములకి 20 ఏళ్ళు దాటితే అసలు పట్టాదారుకి, వారసులకి పూర్తి హక్కు అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అలా హక్కొచ్చిన భూముల్లో అక్రమాలున్నాయని రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అంచేత "పదేళ్ళయిపోయిందండి, ఏం పర్లేదు" అన్న మాట నమ్మి బయానా ఇవ్వకండి. పట్టా ఎవరి పేరున, ఏ తేదీన ఇచ్చారో, ఆ నంబరు జాబితాలోంచి తీశారో లేదో కాయితం మీద చూడండి.

దేవుడి స్థలంలో ఇల్లు

1987 దేవాదాయ చట్టం (30/1987) ప్రకారం దేవాలయ భూమిని కమిషనరు ముందస్తు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. స్థలంలో ఉన్నోడు అమ్మగలిగింది ఇల్లే, అంటే గోడలు, కప్పు. నేల మీద అతనికున్నది కౌలుదారుడి హక్కు మాత్రమే, అదీ ఒప్పందం ఒప్పుకున్నంత వరకే. కొన్నోడిని దేవస్థానం ఈవో రాతపూర్వకంగా గుర్తించకపోతే రేపు ఆక్రమణదారు కింద నోటీసు వచ్చుద్ది, కేసు దేవాదాయ ట్రిబ్యునల్‌కి పోద్ది.

ఇది మన ఊరి గొడవే కాదండి. మన పిల్లలు ఉద్యోగాలు చేసే నోయిడాలో అపార్టుమెంట్లు చాలావరకు 90 ఏళ్ళ లీజు నేల మీదే ఉన్నాయి. ఫ్లాటు చేతులు మారినప్పుడల్లా అక్కడి అథారిటీ అనుమతి కావాలి, బదిలీ రుసుం కట్టాలి. ఇంగ్లండులో లీజు ఫ్లాట్ల నేల అద్దె మీద జనం ఏళ్ళ తరబడి పోరాడితే, 2022 జూన్ 30 నుంచి కొత్త లీజుల్లో చాలావాటికి ఆ అద్దె లేకుండా చట్టం చేశారు. ఢిల్లీలో లీజు ఫ్లాట్లని రుసుం కట్టించుకుని సొంతం చేసే పథకం 1992లోనే పెట్టారు. అంటే దారి వెయ్యాలనుకుంటే వెయ్యొచ్చు. రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఫ్లాటు కొనేవాళ్ళు కూడా నేలలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోండి.

మీరు చెయ్యాల్సింది

బయానాకి ముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి నిషేధిత జాబితా చూడండి. ఈసీ తియ్యండి, ఎంత పాతది దొరికితే అంత మంచిది. సచివాలయంలో అడంగల్, వన్‌బీ చూడండి.

ఆఫీసులో దస్తావేజు తీసుకోమంటే నోటిమాట విని వెనక్కి రావద్దు. రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షను ప్రకారం నిరాకరిస్తే కారణం రాసి తీరాలి, అడిగితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. సంతకం చేసినోళ్ళు మేం రాయలేదనడం వల్ల కాకుండా ఇంకే కారణంతో ఆపినా, 72 కింద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకి అప్పీలు చేసుకోవచ్చు. నంబరు జాబితాలోకి ఎందుకెళ్ళిందో సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు ఆఫీసులో అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

సర్కారు చెయ్యాల్సింది

ప్రతి సచివాలయం గోడ మీద ఆ ఊరి నిషేధిత నంబర్లు, ఎన్ని సెంట్లు, ఎందుకు అన్న వివరంతో రాయించాలి. తప్పుగా పడ్డ నంబరు తియ్యడానికి గడువు పెట్టాలి, గడువు దాటితే ఎవరు జవాబుదారో చెప్పాలి. దేవుడి స్థలాల్లో తరాలుగా ఉన్న పేదోళ్ళ ఇళ్ళకి వారసుడి పేరు, కొన్నోడి పేరు మార్చే రుసుం ఎంతో బహిరంగంగా ప్రకటించాలి. దేవుడి ఆదాయం పోకూడదు, పేదోడి గూడూ పోకూడదు. రెండూ నిలబడే లెక్క ఉంది.

సక్రమమైన దారి ఏడాది, అడ్డదారి ఒక పూట అయితే జనం అడ్డదారే తొక్కుతారు. తప్పు జనం మీద తోసేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఈలోగా మనం మాత్రం గోడలు తట్టేముందు నేల కాయితం అడుగుదాం.