విషం పట్టే చోటు

కణం పైపొరలో పాతుకుని ఉండి, బయటి నుంచి వచ్చిన రసాయనాన్ని పట్టుకుని ఆ కబురును లోపలికి చేరవేసే ప్రోటీన్‌ను రిసెప్టర్ అంటున్నాం. మన పాఠ్యపుస్తకాలు గ్రాహకం అంటున్నాయి. రక్తపోటుకు వేసుకునే బీటా బ్లాకర్, ఉబ్బసానికి పీల్చే మందు, ఎలర్జీ మాత్ర, నొప్పిని అణిచే మార్ఫిన్ అన్నీ ఏదో ఒక గ్రాహకాన్ని పట్టుకునే పని చేస్తాయి. దీన్ని మొదట ఊహించినవారెవరని అడిగితే రోగనిరోధక శాస్త్రం పాల్ ఎర్లిక్ పేరు చెబుతుంది, నాడీశాస్త్రం జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ పేరు చెబుతుంది. రెండు చరిత్రలనూ విడివిడిగా చెప్పుకోవడం ఆనవాయితీ అయిపోయింది. నా దృష్టిలో అవి రెండూ ఒకే చరిత్ర. రెండు చోట్లా ఆ ఊహ ఒకే రకమైన సాక్ష్యం మీద, విషాల సాక్ష్యం మీద నిలిచింది. తరువాత వచ్చిన ఎడబాటుకు కారణం విశ్వవిద్యాలయాల శాఖల విభజనే. శరీరం ఆ విభజనను ఎన్నడూ పాటించలేదనడానికి గత యాభై ఏళ్ల పరిశోధనలో కావలసినన్ని ఆధారాలున్నాయి.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రెంచ్ శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ క్యురారే మీద ప్రయోగాలు చేశారు. దక్షిణ అమెరికా ఆదివాసులు వేట బాణాలకు పూసే విషం అది. దాన్ని ఎక్కించిన కప్ప కాలిలో నాడికి విద్యుత్తు తగిలిస్తే కండరం కదలలేదు. కండరానికే నేరుగా తగిలిస్తే మాత్రం ముడుచుకుంది. అంటే కండరం చెడలేదు, నాడి నుంచి దానికి ఆజ్ఞ అందడం లేదు. కొన్ని దశాబ్దాల తరువాత, 1891లో, బెర్లిన్‌లో ఎర్లిక్ మరో రెండు విషాలు చేపట్టారు. ఒకటి ఆముదపు గింజల్లోని రిసిన్, రెండోది గురివింద గింజల్లోని అబ్రిన్. మన చేల గట్ల మీద, కంచెల మీద కనిపించే గింజలే ఇవి. ఎలుకలకు రిసిన్‌ను కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ తినిపిస్తే, కొన్ని వారాలకు అవి మామూలుగా ప్రాణం తీసే మోతాదుకు ఎన్నో రెట్లు తట్టుకున్నాయి. కానీ రిసిన్‌కు అలవాటు పడ్డ ఎలుకను అబ్రిన్ చంపేసింది. రక్షణ ఏ విషానికి ఆ విషానికే పరిమితం. ఒంట్లో ప్రతి విషాన్నీ వేరుగా పోల్చుకునేది ఏదో ఉందన్నమాట.

ఆ ఏదోకు ఎర్లిక్ 1897లో ఒక రూపం ఇచ్చారు. డిఫ్తీరియా సీరం బలాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి మీద పని చేస్తూ, కణాల మీద పక్కకు చాచుకున్న రసాయన గొలుసులు ఉంటాయనీ, ఆహారాన్ని పట్టుకోవడానికి ఉన్న ఆ గొలుసులకే విషం తగులుకుంటుందనీ ప్రతిపాదించారు. విషం పట్టిన గొలుసు పనికిరాకుండా పోతే కణం కొత్తవి పుట్టిస్తుంది, అవసరానికి మించి పుట్టిస్తుంది. మిగులు గొలుసులు రక్తంలోకి వదులవుతాయి. సీరంలో విషాన్ని విరిచేవి అవే, మనం ఇప్పుడు యాంటీబాడీలంటున్నవి. విషానికీ గొలుసుకూ ఉన్న పొందికను చెప్పడానికి, ఎంజైముల విషయంలో ఎమిల్ ఫిషర్ 1894లో వాడిన తాళం, తాళంచెవి పోలికను అరువు తెచ్చుకున్నారు. 1900 నాటికి ఈ గొలుసులకు రిసెప్టర్ అన్న పేరు స్థిరపడింది. ఈ సిద్ధాంతానికి తొలి రోజుల్లో బలమిచ్చిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తుచేయడం అవసరం. 1898లో వాసర్‌మన్, టకాకీ గినీపంది మెదడును నూరి ధనుర్వాత విషంతో కలిపితే, ఆ విషం ప్రాణం తీసే శక్తిని కోల్పోయింది. మెదడు కణజాలం దాన్ని పట్టి ఉంచేసింది. రోగనిరోధక శాస్త్రంలో మొదటి గ్రాహక సిద్ధాంతానికి సాక్ష్యం పలికింది నాడీ కణజాలమే. ఈ సంగతిని రెండు శాఖల పాఠ్యగ్రంథాలూ ఒక్క వాక్యంలో దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

కేంబ్రిడ్జిలో లాంగ్లీ దారి వేరు. 1878లోనే ఆయన లాలాజలం ఊరించే పైలోకార్పిన్‌కూ దాన్ని ఆపే అట్రోపిన్‌కూ మధ్య పోటీ చూసి, రెండూ కలిసే పదార్థం ఒకటి అక్కడ ఉండి తీరాలని రాశారు. 1905లో కోడి కాలి కండరం మీద పొగాకు విషమైన నికోటిన్‌ను ప్రయోగించారు. కండరం ముడుచుకుంది. నాడిని ముందుగానే కోసి, దాని కొసలు శిథిలమయ్యేదాకా ఆగి ప్రయోగించినా ముడుచుకుంది. కాబట్టి నికోటిన్ పట్టేది నాడి కొసను కాదు. క్యురారే ఇస్తే ఆ ముడుచుకోవడం ఆగిపోయింది, అప్పుడు కూడా విద్యుత్తు తగిలిస్తే కండరం ముడుచుకుంది. కాబట్టి రెండు విషాలూ పట్టేది ముడుచుకునే యంత్రాంగాన్ని కూడా కాదు. మిగిలింది మూడోదేదో. దానికి ఆయన గ్రహించే పదార్థం అని పేరు పెట్టారు. కత్తి, రెండు విషాలు, విద్యుత్తు తప్ప మరేదీ లేకుండా కంటికి కనిపించని వస్తువు ఉనికిని ఇంత నిక్కచ్చిగా తేల్చిన వాదన జీవశాస్త్రంలో అరుదు.

ఇవి రెండూ ఒకటెలా అవుతాయని అడగవచ్చు. ఎర్లిక్ చెప్పిన గొలుసు విషాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రాలి రక్తంలో కలుస్తుంది. లాంగ్లీ చెప్పిన పదార్థం మందును కాసేపు పట్టి వదిలేస్తుంది, ఉన్నచోటే ఉంటుంది. ఈ అభ్యంతరం తేలికైనది కాదు, ఎందుకంటే మొదట దాన్ని లేవనెత్తింది ఎర్లికే. నికోటిన్ వంటి ఆల్కలాయిడ్లను కడిగితే కణాల నుంచి ఇట్టే వదిలిపోతాయి గనుక అవి గ్రాహకాలను పట్టుకోవని ఆయన చాలా ఏళ్లు నమ్మారు. లాంగ్లీ ప్రయోగాలు చూశాక, 1907 ప్రాంతంలో మనసు మార్చుకుని మందులకూ గ్రాహకాలున్నాయని ఒప్పుకున్నారు. పట్టు ఎంత గట్టిదన్నది తరతమ భేదం. ఫలానా ఆకారాన్నే పోల్చుకుని పట్టడం, పట్టగానే కణం తీరు మారడం రెండింటిలోనూ ఉన్నాయి. గ్రాహకాన్ని గ్రాహకం చేసేవి ఆ రెండు గుణాలే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా లోతైనది. చూడని వస్తువుకు పేరు పెట్టినంత మాత్రాన వివరణ అవుతుందా? నాడీ రసాయనాల పరిశోధనకు నోబెల్ బహుమతి అందుకున్న హెన్రీ డేల్ వంటివారు కూడా దశాబ్దాల పాటు ఈ భావనను దూరంగానే ఉంచారు. అడ్రినలిన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో చూపిన రేమండ్ ఆల్‌క్విస్ట్ సైతం, 1973లో కూడా, తనకు గ్రాహకమంటే ఒక నైరూప్య భావనేనని రాశారు. అవతల రోగనిరోధక శాస్త్రంలో ఎర్లిక్ ఊహ ఇంకా చిన్నబోయింది. ప్రయోగశాలలో కొత్తగా తయారుచేసిన రసాయనాలకు కూడా యాంటీబాడీలు పుడతాయని కార్ల్ లాండ్‌స్టైనర్ చూపించారు. ప్రకృతిలోనే లేనిదానికి గొలుసు ముందే సిద్ధంగా ఎందుకుంటుంది? అందుకే లైనస్ పాలింగ్ 1940లో యాంటీబాడీ వచ్చిపడ్డ పదార్థం చుట్టూ అచ్చు పోసుకుంటుందన్నారు. అది తప్పని తేలడానికి జెర్నే 1955లో, బర్నెట్ 1957లో ప్రతిపాదించిన ఎంపిక సిద్ధాంతాలు రావాలి. లెక్కలేనన్ని రకాల గ్రాహకాలు ముందే ఉంటాయి, వచ్చిన పదార్థం తనకు పొసిగినదాన్ని ఎంచుకుంటుంది, ఆ కణమే వృద్ధి చెందుతుంది. ఎర్లిక్ మౌలికంగా సరిగ్గానే ఊహించారు. అయినా సంశయవాదుల అడుగు తప్పుడు అడుగనలేం. అణువు చేతికి దొరకనంతకాలం వారు అడిగిన రుజువు న్యాయమైనదే.

ఆ రుజువును ఇచ్చింది పాము. తైవాన్‌లో లీ, చాంగ్ 1963లో అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా బుంగరోటాక్సిన్‌ను వేరుచేశారు. కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అన్న శాస్త్రీయ నామం, పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో వెలువరించిన గ్రంథంలో నమోదు చేసిన తెలుగు పేరు బంగారు పాము నుంచే వచ్చింది. ఈ విషం కండరం మీది గ్రాహకాన్ని పట్టుకుంటే దాదాపు వదలదు. లాంగ్లీ పదార్థాన్ని ఎర్లిక్ విషంలా బిగించి పట్టే సాధనం అలా దొరికింది. ఇక ఆ గ్రాహకం సమృద్ధిగా ఉన్న చోటు కావాలి. విద్యుత్ చేపల్లో షాక్ పుట్టించే అవయవం మారిన కండరమే గనుక, అక్కడ అవి కిక్కిరిసి ఉంటాయి. పారిస్ పాశ్చర్ సంస్థలో జాన్-పియర్ షాంజో, లీతో కలిసి 1970లో ఎలక్ట్రిక్ ఈల్ నుంచి గ్రాహకాన్ని ఈ విషంతో గుర్తుపట్టారు. మరుసటి ఏడు లండన్‌లో మిలెడీ బృందం టార్పిడో చేపలో అదే పని చేసింది. అరవై అయిదేళ్ల ఊహ పరీక్షనాళికలోకి వచ్చింది. 1982లో క్యోటోలో నూమా బృందం దాని జన్యుక్రమాన్ని చదివింది.

నా వాదనకు ఆయువుపట్టు 1973. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ ఈల్ గ్రాహకాన్ని శుద్ధిచేసి, దానికి యాంటీబాడీలు కావాలని కుందేళ్లకు ఎక్కించారు. పరిశోధనకు ఒక పనిముట్టు తయారుచేసుకోవడమే వారి ఉద్దేశం. కొన్ని వారాలకు కుందేళ్లు కాళ్లు చాపేసి, మెడ నిలపలేక పడిపోయాయి. క్యురారేకు విరుగుడైన నియోస్టిగ్మిన్ ఇస్తే లేచాయి. అచ్చం మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బులో లాగే. ఆ జబ్బులో కనురెప్పలు వాలిపోతాయి, నమలడం, మింగడం కష్టమవుతుంది, ముదిరితే ఊపిరి అందదు. దాని లక్షణాలు క్యురారే విషానికి దగ్గరగా ఉన్నాయని గమనించి, ఇంగ్లండులో మేరీ వాకర్ అనే వైద్యురాలు 1934లోనే ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌తో రోగికి ఊరట కలిగించారు. కారణం యాంటీబాడీలు కావచ్చని 1960లో సింప్సన్ ఊహించారు. 1973లోనే బాల్టిమోర్‌లో డ్రాక్‌మన్ బృందం, గుర్తు తగిలించిన పాము విషంతో లెక్కపెట్టి, రోగుల కండరాల్లో గ్రాహకాలు మామూలులో 11 నుంచి 30 శాతమే ఉన్నాయని చూపింది. 1976 కల్లా 87 శాతం రోగుల రక్తంలో ఆ యాంటీబాడీలు దొరికాయి. ఒక గ్రాహక వ్యవస్థ ఇంకో గ్రాహక వ్యవస్థను పట్టుకుని చంపుతోంది. ఎర్లిక్ గొలుసు వెళ్లి లాంగ్లీ పదార్థానికి తగులుకుంది.

ఇది జబ్బు కదా, పొరపాటున జరిగిన ఢీకొట్టు కదా, దీన్నిబట్టి రెండు వ్యవస్థలూ ఒకటని ఎలా అంటారు అనవచ్చు. పైగా అణువుల కుటుంబాలు కూడా వేరు. నాడీ గ్రాహకాల జన్యువులు వారసత్వంగా వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి. యాంటీబాడీల జన్యువులు ఒక్కో కణంలో ముక్కలై కొత్తగా అతుక్కుంటాయని టొనెగావా 1976లో చూపారు. టి-కణాలనే రోగనిరోధక కణాల మీది గ్రాహకానికి 1984లో దొరికిన జన్యువులదీ అదే దారి. ఈ తేడా నిజం, చిన్నదీ కాదు. అవి ఒకే అణువని నేను అనడం లేదు. ఒక వ్యవస్థ గ్రాహకాలను మరొకటి ఆరోగ్యంలో కూడా వాడుకుంటుందన్నదే నా మాట. లాంగ్లీ నికోటిన్‌తో పసిగట్టిన గ్రాహకాల కుటుంబంలో ఆల్ఫా 7 అనేది ఒకటి. సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాల మీద అది ఉందనీ, వాపు పుట్టించే టీఎన్ఎఫ్ స్రావాన్ని వేగస్ నాడి దాని ద్వారానే అదుపు చేస్తుందనీ 2003లో కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో చూపింది. వేగస్ తంతువులు ప్లీహంలోని ఆ కణాలను నేరుగా తాకవు కదా అని విమర్శ వచ్చింది. 2011లో దొరికిన జవాబు విమర్శ కన్నా ఆశ్చర్యకరం. ప్లీహంలోని నాడి నారడ్రినలిన్ వదిలితే, దాన్ని అందుకున్న ఒక రకం టి-కణాలు నాడీకణాల్లాగే, ఆల్ఫా 7 అందుకునే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తయారుచేసి మాక్రోఫేజ్‌కు అందిస్తాయి. రోగనిరోధక కణం నాడి పాత్ర పోషిస్తోంది. ఎదురు దిశలోనూ ఇదే కనిపిస్తుంది. ఎదిగే మెదడులో నాడీకణాల మధ్య అక్కరలేని సంధులను తొలగించడానికి, సూక్ష్మజీవుల మీద వాడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు పని చేస్తాయని 2007లో తేలింది.

ఆ ఏడే ఫిలడెల్ఫియాలో జోసెఫ్ డాల్మావ్ బృందం మరో జబ్బును వర్ణించింది. భ్రమలు, పిచ్చి మాటలు, తరువాత మూర్ఛలు, స్పృహ తప్పడం. రోగుల్లో చాలామంది యువతులు. కొందరికి అండాశయంలో గడ్డ. వారి రక్తంలోనూ వెన్ను ద్రవంలోనూ ఉన్న యాంటీబాడీలు, జ్ఞాపకశక్తికి కీలకమైన ఎన్ఎండీఏ గ్రాహకాన్ని పట్టుకుని నాడీకణాల పైనుంచి తప్పిస్తున్నాయి. ఇలాంటి రోగులు మానసిక వైద్యశాలలకు చేరేవారు. ఇప్పుడు గడ్డ ఉంటే తీసేసి, స్టెరాయిడ్లిచ్చి, రక్తంలోని ప్లాస్మా మార్చి, యాంటీబాడీల పుట్టుకను అణిచితే ఎక్కువమంది కోలుకుంటున్నారు. ఆ రోగి మొదట వెళ్లే వైద్యుడు మనసును చూసేవాడా, నాడులను చూసేవాడా అన్నదాన్నిబట్టి చికిత్స మొదలయ్యే రోజు ఇంకా మారుతూనే ఉంది.