పత్తిచేలో తప్పిన లెక్క

మన నూలుచీర వెనుక కథ ఒకటుంది, వినండి. కొత్తపట్నం ఇసుక దాటి ఒంగోలు మీదుగా పర్చూరు వైపు వెళితే నల్లరేగడి పత్తిచేలు. అక్కడ తెల్లదోమ పాతదే. ఒక్క ఆడదోమ వంద గుడ్లయినా పెడుతుంది. అన్నీ బతికితే ఇంకేముంది? సాలీళ్ళు, అక్షింతల పురుగులు తినబట్టే అది అదుపులో ఉండేది.

1980 తర్వాత పైరిత్రాయిడ్ మందులొచ్చాయి. పచ్చపురుగు ఇట్టే చచ్చింది. ఇంకేం, మళ్ళీ మళ్ళీ కొట్టారు. ఆ మందుకు కాపలా పురుగులూ పోయాయి. 1984-85లో తెల్లదోమ చేలను కమ్మేసింది. 1987కు పచ్చపురుగూ మందుకు లొంగలేదు. చావనివాటి సంతానమే మిగిలింది మరి! నాటి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు.

ఇప్పుడు పత్తిచేలో బంతిమొక్కలు కనిపిస్తే, పూలకోసమనుకోకండి. పచ్చపురుగు తల్లి పత్తిని వదిలి వాటిమీద గుడ్లు పెట్టాలని!