ఇంటి కప్పుకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చేది?

వానలు దగ్గరకొచ్చాయి. మీ ఇంటి కప్పు ఒకసారి చూసుకున్నారా?

మా చిన్నప్పుడు ఊళ్లో తాటాకు ఇళ్లే ఎక్కువ. రెండు మూడేళ్లకోసారి కొత్త ఆకు కప్పాల్సిందే. దానికి రొక్కం పెద్దగా అక్కర్లేదు. ఆకు గట్ల మీద చెట్లదే, పనికి ఇరుగుపొరుగు వచ్చేవాళ్లు. ఇవాళ మీ ఇంటికి నేనొస్తే రేపు మా ఇంటికి మీరొస్తారు.

తర్వాత పెంకు వచ్చింది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలెట్టిన పెంకే అది. మనవైపు బెంగుళూరు పెంకు అంటాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చాక పూరింట్లో పడుకోవాలంటేనే భయమేసేది. కానీ పెంకుకి రొక్కం కావాలి. మా నాన్న పాడిగేదెను అమ్మేశాడు, చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. కప్పు నిలిచింది గానీ గేదె మళ్లీ కొనలేకపోయాం.

1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చినా అది కొత్త ఇళ్లకే. పాత గుడిసెలు బాగుచేసుకోవడానికి అందులో 20 శాతం నిధులు కేటాయించింది 1999-2000 నుంచి. 2004లో మన రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ పెట్టారు. లెక్క చూడండి: 20,000 అప్పుకి ఏడాదికి ఊరి వడ్డీ 4,800, పావలా వడ్డీ 600. మా ఇంటి పెంకులు రెండోసారి మార్చింది మా ఆవిడ సంఘం అప్పుతోనే. ఈసారి గొడ్డూ పోలేదు, నగా పోలేదు.

అప్పుడు ఇరుగుపొరుగే ఆసరా, ఇప్పుడు సంఘం. కాబట్టి కప్పు కారేదాకా ఆగకండి. అమ్మకానికో తాకట్టుకో పోయే ముందు సంఘంలో అడగండి.