దొరల పేర్ల పక్కన

మన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘ చరిత్ర చెప్పమంటే ముందుగా మిషనరీ దొరల పేర్లే వస్తాయి. 1889లో అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి వచ్చి నల్లగొండ వైపు పని మొదలుపెట్టారు. 1899లో ఎన్.ఎన్. హైబర్ట్ అమెరికా నుంచి వచ్చారు. ఆ తర్వాత నాగర్‌కర్నూల్, శంషాబాద్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తిలో మిషన్ కేంద్రాలు వెలిశాయి. బాప్టిస్టు మిషన్ చేతిలో ఉన్న మహబూబ్‌నగర్, గద్వాల 1937 ప్రాంతంలో మెన్నొనైట్ బ్రదరెన్‌కు వచ్చాయి. బెర్గ్‌తోల్డ్ దొర 1920లో నాగర్‌కర్నూల్‌లో పెట్టిన బైబిలు బడి చివరికి శంషాబాద్ చేరింది. ఈ వరుస మన పెద్దలకు కంఠతా వచ్చు. దాన్ని ఇక్కడితో ఆపుతాను.

పాలమూరు పల్లెల్లో ఈ మతం మొదట అడుగుపెట్టింది బోధగా కంటే దవాఖానగానే అని నా అభిప్రాయం. డాక్టర్ కేథరినా షెలెన్‌బర్గ్ 1907లో వచ్చారు. మెన్నొనైట్ బ్రదరెన్ పంపిన మొదటి వైద్యురాలు ఆమె. నిజాం రాజ్యంలో మగ డాక్టరుకు నాడి చూపించని ఇళ్ళు ఎన్నో ఉండేవి. కాన్పు కష్టమైతే మంత్రసాని, ఆమెవల్ల కాకపోతే దేవుడే దిక్కు. అలాంటి చోట డాక్టరమ్మ అంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు చెప్పడం కష్టం. 1928లో శంషాబాద్‌లో ఆసుపత్రి లేచింది. 1945 జనవరి 1న ఆమె ఈ దేశంలోనే కన్నుమూశారు. ఆ తర్వాత 1952లో జడ్చర్ల ఆసుపత్రి వచ్చింది.

అయితే ఆసుపత్రి ఒక్క డాక్టరమ్మతో నడవదు. పుండు కడిగినవాళ్ళు, గత్తర వచ్చిన ఇంటి గడప తొక్కినవాళ్ళు, బోర్డింగు పిల్లలకు పొద్దున్నే గంజి కాచినవాళ్ళు మనవాళ్ళే. బైబిలు స్త్రీలు వాక్యం చెప్పడానికే ఊరూరా తిరిగారని రిపోర్టుల్లో రాసుకున్నారు. ఏ గుడిసెలో జ్వరం ఉందో, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ముందు తెలిసింది కూడా వాళ్ళకే. ఆ మాట ఏ రిపోర్టులో పడుతుంది?

ఇలా ఇతరుల కష్టంలో ఆదుకోవడం మెన్నొనైట్లకు కొత్త కాదు. 1569లో హాలండ్‌లో డర్క్ విల్లెమ్స్ అనే విశ్వాసి జైలు నుంచి తప్పించుకుని, గడ్డకట్టిన నీళ్ళ మీదుగా పారిపోతున్నాడు. వెంటపడిన కాపలావాడి కింద మంచు పగిలింది. డర్క్ వెనక్కి తిరిగొచ్చి అతన్ని బయటికి లాగాడు. అందుకే దొరికిపోయి సజీవ దహనమయ్యాడు. చెరువు గడ్డకట్టడం ఎరుగని మన సంఘాల్లో ఈ కథ అంతగా చెప్పరు, చెప్పాల్సిందే. శత్రువుకు చెయ్యి అందించడం ఆ సంఘానికి పుట్టుకతో వచ్చిన గుణం. మన సంఘాల్లో ఆ గుణం పిడికెడు బియ్యంలో కనిపిస్తుంది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం అవి గుడికి వెళ్తాయి. కరువు జిల్లాలో ఆ పిడికెడు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. కూలికి వెళ్ళొచ్చిన చేతిదే.

ఇది సంఘం పండగ సంచిక కదా అని చేదు దాచడం నాకు ఇష్టం లేదు. అన్ని కులాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని చెప్పిన సంఘంలోనే మాల, మాదిగ లెక్కలు పూర్తిగా పోలేదు. దొరలు వెళ్ళాక మిషన్ స్థలాల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన రోజులున్నాయి. ఒకరి కాళ్ళు ఒకరు కడిగే ఆచారం ఉన్నవాళ్ళం, వాయిదాలకు ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నాం.

ఈ మధ్యకాలంలో సంఘం చేయాల్సిన సేవ తీరు మారింది. 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి, ప్రభుత్వ దవాఖానలు పెద్దవయ్యాయి. దూరప్రాంతాలకు కూలికి పోయినవాళ్ళ ముసలి తల్లిదండ్రులు మాత్రం ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు బీపీ మాత్రలు తెచ్చిపెట్టేవాళ్ళు, పింఛను కోసం వెంట వెళ్ళేవాళ్ళు కావాలి. దీనికి మిషన్ బోర్డు తీర్మానం అక్కర్లేదు.

సంఘం రిజిస్టరులో బాప్తిస్మం, పెళ్ళి, సమాధి ఉంటాయి. ఎవరి పుండు ఎవరు కడిగారో ఉండదు. అయినా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల సంఘాల్లో ఎనభై దాటిన అమ్మలు ఇంకా ఉన్నారు. బోర్డింగులో ఎవరు వండారో, దవాఖానలో ఎవరు రాత్రంతా కూర్చున్నారో పేర్లతో సహా వాళ్ళు చెప్పగలరు. సంచిక కమిటీవారు వచ్చేసారి దొరల ఫొటోల కోసం వెతికే ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి, అదీ ఆలస్యం చేయకుండా.