చీనా కుమ్మరుల గాజుపూత

రాజుల చరిత్రము వ్రాయుటకు శాసనములు కలవు. కుమ్మరుల చరిత్రము వ్రాయుటకు పెంకులే దిక్కు. అయినను పెంకులు తెలుపు సంగతులు శాసనములకంటె తక్కువవి కావని చీనా దేశపు సుంగ్ వంశకాలమును (960–1279) పరిశీలించినవారికి తోచక మానదు. ఆ కాలపు మేటి పాత్రలు కొన్నిటిపై బొమ్మ లేదు, రంగుల చిత్రము లేదు. అలంకారమంతయు గాజుపూతయందే పుట్టినది. అట్టివానిలో రెండు విధములను గూర్చి మేమిచట ముచ్చటింపదలచితిమి.

మన యిండ్లలోని నీళ్లకుండకు పూత లేదు. చెమ్మ వెలికి ఊరుటచేతనే నీరు చల్లబడును. ఊరగాయ జాడీకి పూత కలదు. కనుకనే నూనెయు ఉప్పును మంటిలోనికి ఇంకవు. రాతిపొడి, బంకమన్ను, వానిని కరగించుటకు సున్నమో కట్టెబూడిదయో నీటితో కలిపి పాత్రకు పట్టించి కాల్చిన, ఆ పూత కరగి గాజగును. నునుపుగా నిలిచిన పూత మంచిదనియు, కారినదియు పగిలినదియు చెడ్డదనియు సామాన్యముగా తలచుదురు. చీనా కుమ్మరులు ఈ రెండు దోషములనే గుణములుగా మార్చిరి.

మొదటిది ఫుజియన్ రాష్ట్రమందలి జియన్ ఆవములలోని నల్లని తేనీటి గిన్నె. దాని పూతయందు ఇనుము మిక్కుటము. సుమారు 1300 డిగ్రీల వేడిలో పూతనుండి బుడగలు లేచి ఇనుమును పైకి తెచ్చును. కరగిన పూత క్రిందికి జారునపుడు ఆ యినుము సన్నని చారలై సాగును. ఆ చారలను వారు కుందేటి రోమములనిరి. వేడి తక్కువైన చార పుట్టదు. ఎక్కువైన పూత అడుగుదాక కారి గిన్నె క్రిందిదానికి అంటుకొని చెడును. కొండవాలున సాగిన ఆ ఆవములలో ఒకటి 130 మీటర్లకు మించిన పొడవు గలదని త్రవ్వకములవలన తెలిసినది. అంత పొడవున మంటను అదుపులో నుంచుట సామాన్యమైన విద్య కాదు. 2014లో శాస్త్రజ్ఞులు ఈ పూతపై ఎప్సిలాన్ అను అరుదైన రూపమున ఇనుప ఆక్సైడును కనుగొనిరి. దానిని శుద్ధముగా తయారుచేయుట ప్రయోగశాలలకే కష్టము. కుమ్మరి దాని పేరెరుగడు, పుట్టించుట మాత్రమెరుగును.

రెండవది పగుళ్ల పూత. 1127లో ఉత్తర రాజధాని శత్రువుల వశమై, హుయ్‌జోంగ్ చక్రవర్తి చెరపట్టబడెను. మిగిలిన ఆస్థానము దక్షిణమునకు పోయి హాంగ్‌జౌ నగరమున నిలిచెను. పూజకు వలయు పాత్రలకై అచట రాజావములు వెలసెను. పలుచని నల్లమంటి పాత్రకు పూతను పొరమీద పొరగా పట్టించిరి. కొన్నిట పూత మంటికంటె మందము. చల్లారునపుడు పాత్రకంటె పూత ఎక్కువగా ముడుచుకొనినచో, బిగువు తాళలేక వలవలె పగులును. ఆ ముడుత యెంతయో యెరిగి, కావలసినంతయే పగులునట్లు పాళ్లు కూర్చుట వారి నేర్పు. జేడ్ అను రాతివలె మెరయు పూతయందు ఆ గీతలు రాతిలోని సహజమైన నరములవలె కన్పట్టును.

అయితే ఈ నేర్పరులెవరు? హుయ్‌జోంగ్ తేనీటిని గూర్చి వ్రాసిన గ్రంథమున నల్లని గిన్నెలను మెచ్చుకొనినాడు. ఆయన పేరు నిలిచినది. జియన్ గిన్నెలు కొన్నిటి అడుగున అక్షరములు కలవు. అవి కుమ్మరి పేరు కాదు, ప్రభువు వాడుకకని తెలుపు గుర్తులు. హాంగ్‌జౌ చెంత 1996లో బయల్పడిన ఆవముకడ పెంకులతో నిండిన గుంటలు దొరకెను. ఆస్థానమునకు తగవని పగులగొట్టిన పాత్రల ముక్కలివియని పరిశోధకుల తలపు. పూత పగిలిన పాత్ర సింహాసనమునొద్దకు పోయినది. రూపు తప్పిన పాత్ర గుంటకు పోయినది. రెంటిని చేసినవాడు మాత్రము ఎచటను కానరాడు.

ఇది చీనా దేశమునకే చెందిన లోపమని మనము సంతసింపరాదు. మన తర్కగ్రంథములలో ఘటము లేని పుట అరుదు. ఘటమునకు మృత్తు ఉపాదానకారణము, కులాలుడు నిమిత్తకారణము అని బాలురచేత వల్లె వేయింతుము. కాని ఏ చెరువుమన్ను ఏ మంటకు నిలుచునో ఆ కులాలుని అడిగి తెలిసికొనిన పండితులెందరు? వాని విద్య వాని బిడ్డకు తప్ప మరియొకరికి అందదు. బిడ్డ వేరు వృత్తికి పోయిన నాడు అదియును లేదు. విద్య పుస్తకములలోనే యున్నదను భ్రమ తొలగనిదే ఈ నష్టము తీరదు. పిల్లలకు ఘటమును నిర్వచించుట నేర్పుడు. అంతకు ముందు ఒకనాడు సారెకడకు తీసికొనిపోయి, కుమ్మరిని గురువుగా భావించి ప్రశ్నలడుగుట నేర్పుడు.